తియెన్‌మా: ఆకులూ వేర్లూ లేని ఔషధ ఆర్కిడ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్‌లోనో మలేషియాలోనో ఉంటున్న తెలుగువాళ్లు చైనా మూలికల దుకాణం ముందు నుంచి నడిచి వెళ్లినప్పుడు గాజు సీసాల్లో ఎండిన దుంపలు కనిపిస్తాయి. గోధుమ పసుపు రంగు, ముడతలు పడిన ఒళ్లు, ఒక చివర ఎర్రటి ముక్కు. చైనాలో వైద్యవిద్య చదివి వచ్చిన మన పిల్లలు కూడా ఆ దుంప పేరు విని ఉంటారు. దాని గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకు తెలిసినంత మేరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

తియెన్‌మా అంటే ఏమిటి?

ఒక ఆర్కిడ్ మొక్క దుంప. శాస్త్రీయ నామం గాస్ట్రోడియా ఎలాటా. ఈ పేరును 1856లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టాడు. గాస్ట్రోడియా అనే ప్రజాతి పేరు అంతకు ముందే, 1810లో, ఆస్ట్రేలియాలో దొరికిన మరో జాతిని చూసి రాబర్ట్ బ్రౌన్ పెట్టినది. దానికి మూలం పొట్ట అనే అర్థమున్న గ్రీకు మాట. పువ్వు నిజంగానే చిన్న బొజ్జలా ఉబ్బి ఉంటుంది.

చైనా, కొరియా, జపాన్, రష్యా తూర్పు కొస, నేపాల్, భూటాన్, మన దేశంలో సిక్కిం వైపు హిమాలయాలు దీని సహజ నివాసాలు. కొరియాలో దీన్ని ఛోన్‌మా అంటారు. జపాన్‌లో ‘ఓని నో యగార’, అంటే రాక్షసుడి బాణం, అంటారు. తెలుగులో దీనికి పేరు లేదు. ఇక్కడ పెరగని మొక్కకు పేరు లేకపోవడం సహజమే కనుక కొత్త పేరు కల్పించకుండా తియెన్‌మా అనే రాస్తున్నాను.

ఆకులు లేకుండా మొక్క ఎలా బతుకుతుంది?

నన్ను ఈ మొక్క దగ్గర కట్టిపడేసింది ఈ ప్రశ్నే. అందుకే దీనికి జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది.

తియెన్‌మాలో పత్రహరితం లేదు. ఎండను ఆహారంగా మార్చుకునే పని అది ఎప్పుడో మానేసింది. నేలలోని నీటిని, లవణాలను పీల్చుకోవడానికి చెప్పుకోదగ్గ వేర్లు కూడా లేవు. ఉన్నదల్లా ఒక దుంప. అది బతికేది శిలీంధ్రాన్ని తిని.

ఆ శిలీంధ్రం పేరు ఆర్మిల్లారియా. తేనెరంగు పుట్టగొడుగులు ఇచ్చే జాతి. అడవిలో చచ్చిన కర్రను, అప్పుడప్పుడు బతికున్న చెట్ల వేర్లను కూడా కుళ్లబెట్టి తింటుంది. బూట్ల తాళ్లలాంటి నల్లటి తీగలు సాగదీసి ఒక కర్ర నుంచి మరో కర్రకు నేలలో పాకుతూ పోతుంది. అలా పోతూ దారిలో తియెన్‌మా దుంప తగిలితే దాన్నీ కుళ్లబెట్టి తినాలనే లోపలికి చొరబడుతుంది. అక్కడ కథ తిరగబడుతుంది. దుంప పైపొరల కణాల్లోకి వచ్చిన తంతువులను లోపలి కణాలు జీర్ణం చేసుకుంటాయి. తినడానికి వచ్చినదే తిండి అయిపోతుంది. కర్రలో చెట్టు దాచుకున్న శక్తి శిలీంధ్రంలోకి, అందులో నుంచి దుంపలోకి చేరుతుంది. ఈ బంధాన్ని జపాన్ శాస్త్రవేత్త కుసానో 1911లో వివరంగా రాశాడు.

విత్తనానిది మరో కథ. ఒక్కో కాయలో ధూళిలాంటి విత్తనాలు వేలల్లో ఉంటాయి, ముప్పై వేలకు పైగా కూడా ఉండవచ్చు. ఏ గింజలోనూ మొలకకు కావలసిన ఆహారం నిల్వ ఉండదు. వడ్లగింజ తన మొలకకు మొదటి కొన్ని రోజుల భత్యం తానే కట్టి ఇస్తుంది. ఈ ధూళికి ఆ భాగ్యం లేదు. మొలకెత్తాలంటే మైసీనా అనే చిన్న పుట్టగొడుగు జాతి శిలీంధ్రం దాన్ని అంటుకోవాలి. రాలిన ఆకుల్లో బతికే ఆ మైసీనాను తిని మొలక చిన్న గడ్డ అవుతుంది. ఆ తర్వాత ఆర్మిల్లారియా తగలాలి, లేకపోతే అక్కడితో ఆగిపోతుంది. పసితనంలో ఒక దాది, ఎదిగాక మరొక దాది. ఇద్దరూ సమయానికి దొరికితేనే ఈ మొక్కకు బతుకు.

2018లో దీని జన్యుపటం మొత్తం వెలువడింది. జన్యువులు సుమారు 19 వేలు. అప్పటివరకు చదివిన పూల మొక్కలన్నిటిలో అతి తక్కువ. తాను వండుకోవడం మానేసిన ఇంట్లో వంటపాత్రలు తగ్గిపోయినట్టు, అవసరం లేని జన్యువులు రాలిపోయాయి.

పువ్వు ఎలా ఉంటుంది?

నేలలో నుంచి ఎర్రటి కాడ ఒకటి నిటారుగా లేస్తుంది. మోకాలెత్తు నుంచి మనిషెత్తు దాకా పెరగవచ్చు. ఆకు ఒక్కటీ ఉండదు. పైభాగంలో నారింజ, లేత పసుపు రంగుల్లో చిన్న కుండల్లాంటి పూలు గుత్తిగా వస్తాయి. మే నుంచి జూలై మధ్య పూస్తుంది. కాడ రంగును బట్టి ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, పసుపు తియెన్‌మాలని రైతులు వేరు చేస్తారు. ఎర్రది, నల్లది, ఆ రెంటి సంకరాలు సాగులో ఎక్కువ.

చైనా వైద్యంలో ఎప్పటి నుంచి వాడుతున్నారు?

సుమారు రెండు వేల ఏళ్ల నుంచి. ‘షెన్‌నోంగ్ బెన్‌త్సావ్ జింగ్’ అనే తొలి ఔషధ గ్రంథంలో ఇది ఛిజియెన్, అంటే ఎర్రబాణం, అనే పేరుతో ఉత్తమ శ్రేణి మందుల్లో ఉంది. తియెన్‌మా అనే పేరు తర్వాత వచ్చింది. దాంతో రెండూ వేరు వేరు మందులనే భ్రమ పుట్టింది. ఎర్రబాణం అంటే కాడ, తియెన్‌మా అంటే దుంప అనుకుని కొందరు కాడను కూడా మందుగా వాడారు. పదకొండో శతాబ్దపు పండితుడు షెన్ క్వో, రెండూ ఒకటేనని, వాడవలసింది దుంపేనని స్పష్టంగా రాశాడు. పేరు ఒకటి, వస్తువు ఒకటి అయి వైద్యం దారి తప్పడం మన మూలికల విషయంలోనూ చూస్తూనే ఉన్నాం కాబట్టి ఆ మనిషి పట్టుదల మీద నాకు ప్రత్యేకమైన గౌరవం.

పాత గ్రంథాల్లో ఇంకో మాట ఉంది: ఈ మొక్క గాలి వీస్తే కదలదట, గాలి లేనప్పుడు తానే ఊగుతుందట. ఆకు లేని కాడను గాలి పట్టుకోలేదు కాబట్టి మొదటి సగం అర్థమవుతుంది. రెండో సగం చూసినవాళ్ల ఆశ్చర్యం. ఈ వర్ణన నుంచే ‘గాలిని నిలిపే మొక్క’ అనే మరో పేరు వచ్చింది.

దేనికి వాడతారు?

తలనొప్పి, తల తిరగడం, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, మూర్ఛ, పిల్లల్లో ఫిట్స్. చైనా వైద్యుల భాషలో ఇవన్నీ ‘గాలి’ రోగాలు. కాలేయంలో పుట్టిన గాలి పైకెగసి తలను ఊపుతుందని, తియెన్‌మా దాన్ని అణచుతుందని వాళ్ల సిద్ధాంతం.

తెలుగువాళ్లకు ఈ మాట కొత్తగా వినిపించదు. మన దగ్గర పక్షవాతం అనే పేరులోనే వాతం ఉంది. చైనాలో అదే జబ్బుకు పేరు జోంగ్‌ఫెంగ్, అంటే గాలి దెబ్బ తగలడం. కనిపించని శక్తి ఏదో ఒళ్లంతా ఊపేస్తున్నప్పుడు ఇద్దరికీ గాలే గుర్తుకు వచ్చింది. అంతమాత్రాన ఆయుర్వేదంలోని వాతం, చైనా వైద్యంలోని ఫెంగ్ ఒకటే అని చెప్పడం తప్పు. వాటి సిద్ధాంతాలు వేరు, చికిత్సలు వేరు. వాతానికి మంచిదని ఎవరైనా తియెన్‌మా పొడి అమ్మజూపితే నమ్మవద్దు.

సాధారణంగా దీన్ని ఒంటరిగా ఇవ్వరు. తియెన్‌మా గోవుతెంగ్ యిన్ అనే కషాయంలో మరో పది దినుసులతో కలిసి ఉంటుంది. రక్తపోటు ఎక్కువై తల తిరిగేవారికి చైనా వైద్యులు దాన్ని రాస్తుంటారు.

ఇది నిజంగా పనిచేస్తుందా?

దుంపలో ప్రధాన పదార్థం గాస్ట్రోడిన్. యున్నాన్ రాష్ట్ర రాజధాని కున్‌మింగ్‌లోని వృక్షశాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో దీన్ని వేరుచేశారు. ఇప్పుడు రసాయనికంగా కూడా తయారవుతోంది. చైనా ఆసుపత్రుల్లో తల తిరుగుడుకు, తలనొప్పికి మాత్రలుగా, ఇంజెక్షన్‌గా వాడుతున్నారు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మూర్ఛను తగ్గించే గుణం, నాడీకణాలను కాపాడే గుణం కనిపించాయి.

మనుషుల దగ్గరకు వచ్చేసరికి సాక్ష్యం అంత గట్టిగా లేదు. జరిగిన పరీక్షల్లో చాలావరకు చైనాలోనే జరిగాయి. ఎక్కువ భాగం చిన్నవి. పైగా వేరే మందులతో కలిపి ఇచ్చి చూసినవి. అందువల్ల ఫలితంలో తియెన్‌మా వాటా ఎంతో తేల్చడం కష్టం. రెండు వేల ఏళ్ల వాడుకను నేను తేలిగ్గా తీసుకోను. కానీ వాడుక పాతదైనంత మాత్రాన అది రుజువు కాదు.

మూర్ఛ, రక్తపోటు మాత్రలు మానేసి దీన్ని వాడవచ్చా?

వద్దు. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణానికే ముప్పు. రక్తపోటు మాత్రలు ఆపినా పక్షవాతం ప్రమాదం ఉంది. మాత్రలతో పాటు తీసుకోవాలనుకున్నా మీ వైద్యుడికి చెప్పి తీసుకోండి. నిద్ర, మత్తు కలిగించే మందులతో కలిస్తే మత్తు పెరగవచ్చు. కొందరిలో దద్దుర్లు వంటి అలర్జీలు వచ్చాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దూరంగా ఉండడం మంచిది. చైనా ఔషధ గ్రంథం చెప్పే మోతాదు రోజుకు 3 నుంచి 10 గ్రాములు. అది వైద్యుడి చేతిలో ఉండవలసిన కొలత.

దీన్ని కూరలో కూడా వేస్తారట, నిజమేనా?

నిజమే. చేప తలతో, కోడితో, పావురంతో కలిపి నెమ్మదిగా ఉడికించి చారు చేస్తారు. యున్నాన్‌లో మధ్యలో గొట్టం ఉన్న మట్టిపాత్రలో ఆవిరికి వండే కోడికూరలో తియెన్‌మా ముక్కలు వేయడం ప్రసిద్ధం. 2023 నవంబరులో చైనా ఆరోగ్యశాఖ దీన్ని ఆహారంగానూ మందుగానూ వాడదగిన వస్తువుల జాబితాలో అధికారికంగా చేర్చింది.

పచ్చి దుంపకు గుర్రపు మూత్రంలాంటి వాసన ఉంటుంది. చైనా వాళ్లే అలా చెబుతారు. ఉడికిస్తే తగ్గుతుంది.

అడవిలో తవ్వి తెస్తారా, పండిస్తారా?

ఇప్పుడు బజారులోకి వచ్చేది దాదాపు అంతా పండించినదే. అలా కావడం వెనక ఉన్న శ్రమను కాస్త వివరంగా చెప్పాలి.

1960ల వరకు తియెన్‌మా అంటే అడవి దుంపే. తవ్వుకొచ్చి తోటలో నాటితే బతికేది కాదు, లేదా ఏటేటా చిన్నదవుతూ పోయేది. మంచి మట్టి, ఎరువు, నీళ్లు ఇచ్చినా లాభం లేదు. ఎందుకు బతకడం లేదో తేలనందువల్ల అడవి మీద తవ్వకం పెరుగుతూ పోయింది. కున్‌మింగ్ వృక్షశాస్త్ర సంస్థకు చెందిన జౌ శ్వెన్ ఆ రోజుల్లో యున్నాన్ ఈశాన్యంలోని యీలియాంగ్ కౌంటీ, షియావ్‌త్సావ్‌బా కొండల్లో మకాం పెట్టి ఈ మొక్క జీవితాన్ని విత్తనం నుంచి విత్తనం దాకా గమనించాడు. హుబెయ్, షాన్‌షీ రాష్ట్రాల కొండల్లో షూ జిన్‌తాంగ్ అనే మరో శాస్త్రవేత్త ఆర్మిల్లారియా పట్టిన కర్రలతో దుంపలు పెంచే పద్ధతిని రైతులకు అందించాడు. తర్వాత మొలకకు తోడ్పడే మైసీనాను గుర్తించి, రాలిన ఆకుల మీద దాన్ని పెంచి, ఆ ఆకులతో కలిపి విత్తనం చల్లే పద్ధతిని తెచ్చాడు. మొక్కను పెంచాలంటే ముందు దాని తిండిని పెంచాలి అన్నది వీళ్లు కనిపెట్టిన రహస్యం.

ఇప్పటి సాగు ఇలా ఉంటుంది. సింధూర (ఓక్) జాతి, భూర్జ (బర్చ్) జాతి చెట్ల కొమ్మలను ముక్కలు చేసి ఆర్మిల్లారియాను పట్టిస్తారు. గుంటలో ఆ కర్రలు పేర్చి, మధ్యలో పిల్లదుంపలు పెట్టి, ఆకులతో, మట్టితో కప్పుతారు. ఎరువు వేయరు, కలుపు తీసే పని పెద్దగా లేదు. విత్తనాల కోసం పెంచే మొక్కల పూలకు మాత్రం చేత్తో పరాగసంపర్కం చేస్తారు. విత్తనం నుంచి కోతకు వచ్చే దుంపకు సుమారు ఏడాదిన్నర, మళ్లీ విత్తనం దాకా మొత్తం రెండేళ్లు. యున్నాన్‌లో జావ్‌తోంగ్, గుయ్‌జౌలో దాఫాంగ్, దెజియాంగ్, షాన్‌షీలో హాన్‌జోంగ్ ప్రాంతాలు దీనికి పేరుపొందాయి.

ఒక ఇబ్బంది మిగిలే ఉంది. ఇది కర్రను తినే పంట. గుంట గుంటకూ కొత్త కర్ర కావాలి, అదే చోట వెంటవెంటనే వేస్తే దిగుబడి పడిపోతుంది. దుంపను కాపాడడానికి చెట్టును నరకడం ఎంతవరకు సబబు అనే ప్రశ్న ఆ కొండల్లో ఇంకా తేలలేదు.

అడవి తియెన్‌మా పరిస్థితి ఏమిటి?

బాగా తగ్గింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీన్ని ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది. చైనా 2021లో ప్రకటించిన రక్షిత అడవి మొక్కల జాబితాలో రెండో తరగతిలో ఉంది. ఆర్కిడ్ కుటుంబం మొత్తానికీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ వర్తిస్తుంది కాబట్టి ఎండు దుంపలను దేశం దాటించాలన్నా తగిన కాగితాలు ఉండాలి. ప్రయాణంలో సంచిలో వేసుకుని వచ్చే వస్తువు కాదు ఇది.

ఆయుర్వేదంలో ఆర్కిడ్లు లేవా?

ఉన్నాయి. అష్టవర్గంలోని ఎనిమిది మూలికల్లో జీవకం, ఋషభకం, ఋద్ధి, వృద్ధి అనే నాలుగింటిని హిమాలయ ఆర్కిడ్లుగానే గుర్తిస్తారు. చ్యవనప్రాశలో ఇవి పడాలి. కానీ పదహారో శతాబ్దపు భావప్రకాశం నాటికే ఇవి దుర్లభమయ్యాయి. ఆ గ్రంథమే జీవక, ఋషభకాలకు బదులు విదారి, ఋద్ధి, వృద్ధులకు బదులు వారాహి వాడమని చెప్పింది. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. దొరకనప్పుడు మనం బదులు వస్తువు వెతుక్కున్నాం. యున్నాన్ కొండల్లో ఆ మనుషులు మొక్క ఎందుకు బతకడం లేదో వెతికారు. మన నాలుగు ఆర్కిడ్లకూ నేలలో వాటి శిలీంధ్రాలు ఉన్నాయి. వాటి వెనకాల అంత ఓపికతో వెళ్లే పని ఇప్పటికైనా పెద్ద ఎత్తున జరగాలి.

అరకులోనో, ఇంటి కుండీలోనో పెంచవచ్చా?

పెంచలేం. దుంపకు చలికాలంలో కొన్ని వారాల గట్టి చలి తగలాలి, లేకపోతే నిద్ర వీడి చిగురించదు. వేసవిలో నేల వేడెక్కితే ఆర్మిల్లారియా పెరగదు. మన మైదానాల్లో ఈ రెండూ కుదరవు. అరకు చల్లగా ఉన్నా ఆ పొడవాటి చలి అక్కడా లేదు. ఇంకో మాట. ఆర్మిల్లారియా బతికున్న చెట్ల వేర్లను కుళ్లబెట్టే శిలీంధ్రం. దాన్ని తెచ్చి కాఫీతోటల పక్కన వదలాలనే ఆలోచనే రాకూడదు.

కొనేటప్పుడు అసలుదో నకిలీదో ఎలా గుర్తుపట్టాలి?

పాతకాలపు వ్యాపారులు మూడు గుర్తులు చెబుతారు. ఒక చివర ఎర్రగోధుమ రంగు మొగ్గ ఉంటుంది, దాన్ని చిలుకముక్కు అంటారు. రెండో చివర తల్లిదుంప నుంచి విడిపోయిన గుండ్రటి మచ్చ ఉంటుంది, అది బొడ్డు. ఒంటి చుట్టూ చుక్కలు చుక్కలుగా వలయాలు ఉంటాయి. విరిచి చూస్తే లోపల కొమ్ములా గట్టిగా, కాస్త నిగనిగలాడుతూ ఉండాలి.

నకిలీలుగా వచ్చేవాటిలో కొన్ని మన పెరట్లోవే: ఉడికించి నొక్కి ఎండబెట్టిన బంగాళాదుంప, మెట్టతామర దుంప, చంద్రకాంత వేరు. చంద్రకాంత వేరు కడుపులో తీసుకుంటే విరేచనాలు అవుతాయి కాబట్టి ఆ మోసం డబ్బుతో పోయేది కాదు. మరీ తెల్లగా ఉన్న దుంపను కూడా అనుమానించండి. తెలుపు కోసం గంధకం పొగ పట్టించడం ఉంది. చైనా నిబంధనల ప్రకారం కిలోకు 400 మిల్లీగ్రాములకు మించి సల్ఫర్ డయాక్సైడ్ మిగలకూడదు. ముక్కలుగా కోసినవీ పొడి చేసినవీ కొంటే ఈ గుర్తులు ఏవీ మిగలవు. అందుకే పొడి కొనవద్దంటాను.

శీతాకాలపు దుంప మంచిదా, వసంతకాలపు దుంప మంచిదా?

శీతాకాలపుదే. అప్పటికి పూలకాడ లేవదు కనుక దుంప నిండుగా, బరువుగా ఉంటుంది. తవ్విన వెంటనే ఆవిరికి ఉడికించి తక్కువ వేడిలో ఆరబెడతారు. అలా ఉడికించకపోతే దుంపలోని ఎంజైములు గాస్ట్రోడిన్‌ను విడగొట్టేస్తాయి. వసంతంలో తవ్వినది ఎండితే ముడతలు ఎక్కువ, లోపల బోలు.

సిక్కిం వెళ్తున్నాం. అక్కడ ఈ మొక్క కనిపిస్తే ఏం చేయాలి?

జూన్, జూలై నెలల్లో తడి అడవిలో, రాలిన ఆకుల మధ్య ఆకు లేని ఎర్రటి కాడ ఒంటరిగా నిలబడి ఉంటే దగ్గరకు వెళ్లి తీరిగ్గా చూడండి. ఫొటో తీసుకోండి. చుట్టూ కుళ్లిన కర్రలు, నల్లటి తాడులాంటి తీగలు కనిపిస్తాయేమో వెతకండి, కానీ తవ్వవద్దు. ఆ కాడను, ఆ పూలను, అందులో తయారవుతున్న వేల విత్తనాలను పోషిస్తున్నది కింద ఉన్న దుంపే. మీరు చూసే సమయానికి అది సగం గుల్లయి ఉంటుంది. కాయలు పగిలి విత్తనాలు గాలిలో కలిసేలోపు పూర్తిగా కరిగిపోతుంది.